చార్మినార్ అరేబియా సముద్రంలో తేలితే

చార్మినార్ ఎక్కడుందని కంప్యూటర్‌ను అడిగితే రెండు అంకెలు చెబుతుంది: 17.36, 78.47. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. ఎక్సెల్ షీటులో ఈ రెండు గడులూ తారుమారైతే చార్మినార్ లాడ్‌బజార్ పక్కన కనపడదు. నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల్లో, హిమానీనదాల నడుమ ప్రత్యక్షమవుతుంది. విజయవాడకు అదే గతి పడితే ఆ దీవులను కూడా దాటుకుని ఉత్తర ధ్రువ సముద్రంలో మునుగుతుంది.

అదే చార్మినార్ చిరునామాను సర్వేయర్లు మీటర్లలో చెబుతారు. తూర్పు విలువ 2 లక్షల 31 వేల చిల్లర, ఉత్తర విలువ 19 లక్షల 21 వేల చిల్లర. ‘44వ జోన్’ అన్న ముక్క తగిలిస్తేనే ఈ అంకెలకు అర్థం. ఆ ముక్క ఎక్కడో జారిపోయి, సాఫ్ట్‌వేర్ వాటిని 43వ జోన్ అంకెలుగా తీసుకుంటే చార్మినార్ దాదాపు 640 కిలోమీటర్లు పడమరకు జరిగి, రత్నగిరి తీరానికి ఎదురుగా అరేబియా సముద్రంలో తేలుతుంది. 45వ జోన్ అనుకుంటే విశాఖపట్నం దాటి బంగాళాఖాతంలో పడుతుంది.

ఇంత పెద్ద తప్పులు ఒకరకంగా మేలు. సముద్రంలో తేలిన చార్మినార్‌ను చూసి ఎవరైనా నవ్వుకుని దిద్దుకుంటారు. చిక్కంతా చిన్న తప్పులతోనే. హైదరాబాద్ శివార్లలో సరిగ్గా 100 ఎకరాల స్థలం ఒకటి ఉందనుకుందాం. దాని హద్దులను మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి విస్తీర్ణం అడిగితే, ఎంచుకున్న నిరూపక వ్యవస్థను బట్టి 100.1 ఎకరాలు అనవచ్చు, 100.25 అనవచ్చు, 110 కూడా అనవచ్చు. డిగ్రీలను డిగ్రీలతోనే గుణించే అమాయకపు సాఫ్ట్‌వేర్ అయితే 0.0000344 అని, ఎకరమూ కాని గుంటా కాని అంకె ఒకటి చేతిలో పెడుతుంది. ఇంత జరిగినా నేల మీద హద్దురాయి ఒక్కటీ కదల్లేదు.

మ్యాపుల్లో వక్రీకరణ అనగానే అందరి నోటా వచ్చే పేరు గ్రీన్‌లాండ్. ప్రపంచపటంలో అది ఆఫ్రికా అంత కనపడుతుందన్న సంగతి ఇప్పుడు బడిపిల్లలకూ తెలుసు. ఆ గొడవ నిజమే గాని, అది కంటికి కనపడే వంతు. ఎకరాలు, కిలోమీటర్లు, సగటు ఉష్ణోగ్రతలు లెక్కగట్టే చోట చేరే తేడా కంటికి ఆనదు. మ్యాపు గోడ దిగి కంప్యూటర్‌లో డేటాగా మారాక ఈ కనపడని వంతే ఎక్కువైంది.

బత్తాయి తొక్క

బత్తాయి తొక్కను ఎంత జాగ్రత్తగా ఒలిచినా, బల్ల మీద చదునుగా పరచాలంటే అది చిరగనైనా చిరగాలి, సాగనైనా సాగాలి. ఇది చేతి నేర్పుకు సంబంధించిన లోపం కాదని 1827లో జర్మన్ గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ తేల్చాడు. దూరాలు చెడకుండా ఒక ఉపరితలాన్ని మరోదానిగా మార్చాలంటే రెండింటికీ సహజమైన వంపు ఒకటే కావాలి. కాగితానికి ఆ వంపు సున్నా. దాన్ని గొట్టంలా చుట్టినా, శనగల పొట్లంలా చుట్టినా సున్నాయే. గోళానికి సున్నా కాదు. కనుక గోళం నుంచి కాగితానికి ఏ దారిన వచ్చినా ఎక్కడో ఒకచోట కొలత చెడక తప్పదు.

పటం గీసేవాళ్ళు ప్రధానంగా పట్టుకున్న దారులు మూడు. భూమి చుట్టూ కాగితాన్ని గొట్టంలా చుట్టడం, నెత్తిన పొట్లంలా బోర్లించడం, ఒక బిందువు దగ్గర పళ్ళెంలా ఆనించడం. కాగితం ఎక్కడ భూమికి తగిలితే అక్కడ కొలత నిజం. దూరం జరిగేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. ఇలా గోళాన్ని చదును చేసే పద్ధతినే ప్రక్షేపం, ప్రొజెక్షన్ అంటారు.

ఏ ప్రక్షేపమైనా కోణాలు, విస్తీర్ణం, దూరం, దిక్కు అనే నాలుగింటిలో దేన్ని కాపాడాలో ముందే ఎంచుకోవాలి. కోణాలు ఎక్కడికక్కడ నిజంగా నిలిస్తే విస్తీర్ణం ఉబ్బుతుంది. విస్తీర్ణం నిలిస్తే ఆకారాలు నలుగుతాయి. ఈ రెండూ ఒకే పటంలో కుదరవు. దూరమైతే ఒకటి రెండు బిందువుల నుంచి, లేదా కొన్ని గీతల వెంట మాత్రమే నిజంగా ఉంటుంది. 1772లో గణితవేత్త యోహాన్ హైన్రిక్ లాంబర్ట్ కోణాలను కాపాడేవీ, విస్తీర్ణాన్ని కాపాడేవీ కలిపి కొత్త ప్రక్షేపాలు ఎన్నో ఒక్క గ్రంథంలోనే ప్రకటించాడు. ఇప్పటి సర్వే శాఖలు, విమానయాన పటాలు ఇంకా వాటి మీదే నడుస్తున్నాయి.

పటం ఎక్కడ ఎంత సాగిందో చూపించడానికి 19వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త నికొలా ఓగుస్ట్ టిస్సో ఒక చక్కని ఉపాయం చెప్పాడు. గ్లోబు మీద అక్కడక్కడా ఒకే సైజు బొట్టుబిళ్ళలు అంటించి, ఆ గ్లోబును చదును చేశామనుకుందాం. మెర్కేటర్ పటంలో బిళ్ళలన్నీ గుండ్రంగానే ఉంటాయి గాని ధ్రువాల వైపు వెళ్ళేసరికి పళ్ళేలంత అవుతాయి. విస్తీర్ణాన్ని కాపాడే పటంలో అన్నీ ఒకే వైశాల్యంలో ఉంటాయి గాని కొన్ని నిలువుగా సాగి, కొన్ని అడ్డంగా అణగి గుండ్రదనం పోగొట్టుకుంటాయి. మధ్యేమార్గపు పటాల్లో రెండు లోపాలూ తలా కాస్త ఉంటాయి.

నావికుడి పటం గోడకెక్కింది

గెరార్డస్ మెర్కేటర్ 1569లో డ్యూస్‌బర్గ్‌లో 18 కాగితాల మీద అచ్చువేసిన ప్రపంచపటం ఓడలవాళ్ళ కోసం పుట్టింది. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో నిలిపి సాగే ఓడ దారి గోళం మీద సుడి తిరుగుతూ ధ్రువం వైపు పోతుంది. మెర్కేటర్ పటం మీద అదే దారి తిన్నని గీత. స్కేలు పెట్టి గీత గీసి, కోణం కొలిచి, ఆ దిక్కున చుక్కాని బిగిస్తే చాలు. సముద్రం మీద ఈ సౌకర్యానికి విలువ కట్టలేం.

దీనికి ఇచ్చుకున్న ధర విస్తీర్ణం. ధ్రువాల దగ్గర కలవాల్సిన రేఖాంశాలను మెర్కేటర్ సమాంతరంగా నిలబెట్టాడు. తూర్పు పడమరలు అలా సాగాయి గనక, కోణం చెడకుండా ఉత్తర దక్షిణాలను కూడా అంతే సాగదీశాడు. హైదరాబాద్ దగ్గర ఈ సాగుడు 5 శాతం లోపే. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపు, వైశాల్యం నాలుగింతలు. 80 డిగ్రీల దగ్గర పొడవే ఐదున్నర రెట్లు దాటుతుంది. గ్రీన్‌లాండ్ సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా 303 లక్షలు. పద్నాలుగింతల తేడా పటం మీద మాయమవుతుంది. 32.9 లక్షల చదరపు కిలోమీటర్ల భారతదేశం గ్రీన్‌లాండ్‌కు ఒకటిన్నర రెట్లు ఉన్నా, గోడ మీద దాని పక్కన చిన్నబోతుంది.

ఓడ మీద ఉండాల్సిన పటం తరగతి గోడకెక్కడంతో వచ్చిన తంటా ఇది. 1973లో జర్మన్ చరిత్రకారుడు ఆర్నో పీటర్స్ విలేకరుల సమావేశం పెట్టి, మెర్కేటర్ పటం పేద దేశాలను తక్కువ చేసి చూపుతోందని, తన పటంలో అన్ని దేశాలకూ న్యాయమైన వాటా ఉందని ప్రకటించాడు. అదే పద్ధతిని స్కాట్లాండ్ మతాచార్యుడు జేమ్స్ గాల్ 1855లోనే చెప్పాడని నిపుణులు గుర్తుచేశారు. పైగా ఆ పటంలో ఆఫ్రికా విస్తీర్ణం సరిగానే ఉన్నా, తాడు మీద ఆరేసిన తడిబట్టలా నిలువునా సాగిపోయింది. ఈ వాదులాటకు విసిగిన అమెరికా భౌగోళిక సంఘాలు 1989లో ప్రపంచం మొత్తాన్ని చూపడానికి దీర్ఘచతురస్రాకార పటాలే వద్దని తీర్మానించాయి.

నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ 1988లో ఆర్థర్ రాబిన్సన్ ప్రక్షేపాన్ని, 1998లో వింకెల్ ట్రిపెల్‌ను ఎంచుకుంది. రెండూ రాజీ పటాలే. 2018లో టామ్ ప్యాటర్సన్, బోయన్ షావ్రిచ్, బెర్న్‌హార్డ్ జెన్నీ కలిసి ‘ఈక్వల్ ఎర్త్’ తయారుచేశారు. విస్తీర్ణం కచ్చితంగా నిలుస్తుంది, చూపుకు రాబిన్సన్ పటంలా ఇంపుగానూ ఉంటుంది. 2025 ఆగస్టులో ఆఫ్రికన్ యూనియన్, మెర్కేటర్ పటాన్ని మానేయాలని కోరే ‘కరెక్ట్ ద మ్యాప్’ ప్రచారానికి మద్దతు ప్రకటించింది. గోడ పటం వరకు ఈ వివాదంలో గణితం ఎప్పుడో తేలిపోయింది, మిగిలింది అలవాటు.

తిన్నని గీత, దగ్గరి దారి

2021 జనవరిలో మహిళా పైలట్లే నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరు చేరింది. దాదాపు 14 వేల కిలోమీటర్ల దారి. గోడ పటంలో ఈ రెండు ఊళ్ళ మధ్య స్కేలు పెడితే గీత పసిఫిక్ మీదుగానో, అట్లాంటిక్ మీదుగానో పోతుంది. ధ్రువం వైపు తల తిప్పనే తిప్పదు. గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే ఆ దారం మంచు మీదుగా పోతుంది. అమెరికా వెళ్ళే తెలుగువాళ్ళు ముందు సీటు వెనక తెర మీద విమానం అంత పైకి వంగి వెళ్తున్నట్టు చూసి ఆశ్చర్యపోయేది ఇందుకే. వంగింది విమానం దారి కాదు, తెర మీది పటం.

ఇదే పొరపాటు పత్రికల్లోనూ దొర్లింది. 2003 మేలో ‘ది ఎకనామిస్ట్’ ఉత్తర కొరియా క్షిపణులు ఎంత దూరం వెళ్తాయో చూపడానికి మెర్కేటర్ పటం మీద చక్కని వృత్తాలు గీసింది. గోళం మీద సమాన దూరపు వలయం ఆ పటం మీద వృత్తంగా ఉండదు. ధ్రువాన్ని చుట్టేంత పెద్దదైతే అసలు మూసుకోనే మూసుకోదు, అలలా అటునుంచి ఇటు పోతుంది. ధ్రువం మీది దగ్గరిదారి లెక్కలోకి రాగానే ఉత్తర అమెరికా బాగా చేరువైంది. పత్రిక సరిదిద్దిన పటాన్ని మళ్ళీ అచ్చువేసింది.

ఒక కేంద్రం నుంచి దూరాలు నిజంగా ఉండాలంటే దానికి వేరే పటం ఉంది. ఐక్యరాజ్యసమితి జెండా మీద కనపడేది అలాంటిదే. ఉత్తర ధ్రువం నుంచి అన్ని దూరాలూ నిజం. చెన్నై నుంచి సింగపూర్‌కు కొలవడానికి మాత్రం అది పనికిరాదు.

ఎవరెస్ట్ కట్టిన భూమి

ఇంతవరకు భూమి గోళమనే లెక్క. నిజానికి భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి, ధ్రువాల దగ్గర అణగి ఉంటుంది. ఎంత ఉబ్బింది, ఎంత అణగింది అన్న ప్రశ్నకు భారతదేశం తన సొంత జవాబు ఒకటి తయారుచేసుకుంది. అందులో తెలుగు నేలకు పాత్ర ఉంది.

1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను గొలుసుతో కొలిచి విలియం లాంబ్టన్ త్రికోణ సర్వేను మొదలుపెట్టాడు. కన్యాకుమారి నుంచి ఉత్తరానికి దాదాపు 78వ రేఖాంశం వెంట ఆ త్రికోణాలు దక్కన్ మీదుగా సాగాయి. సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తూ జట్టుతో సహా జ్వరాల పాలయ్యాడు. కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్‌కు వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత ఆయన ఆ కొలతల నుంచి తేల్చిన భూమి ఆకారమే 1830 ఎవరెస్ట్ గోళాభం. మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ కొండను మూలబిందువుగా పెట్టుకుని దేశమంతా దాని మీదే కొలిచారు. ఇలా ఒక గోళాభాన్ని ఒక మూలానికి బిగించిన ఏర్పాటును డేటమ్ అంటారు.

ఎవరెస్ట్ భూమికి భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 63,77,276 మీటర్లు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 భూమికి 63,78,137. తేడా 861 మీటర్లు. కేంద్రాలు కూడా ఒకచోట లేవు. ఎవరెస్ట్‌ది భారతదేశానికి అతికేలా కట్టిన భూమి, జీపీఎస్‌ది ప్రపంచమంతటికీ సర్దిన భూమి. అందుకే పాత టోపో షీటులోని అక్షాంశ రేఖాంశాలను యథాతథంగా ఫోన్‌లో కొడితే తెలుగు ప్రాంతాల్లో పిన్ను వంద మీటర్లకు పైగా పక్కకు పడుతుంది. చెరువుగట్టు మీద ఉండాల్సిన గుర్తు నీళ్ళలోకి దిగుతుంది. కొలిచినవాళ్ళు తప్పు కొలవలేదు. ఒకే నేలకు రెండు వేరు వేరు భూముల మీద రాసిన చిరునామాలవి.

లండన్ గ్రీనిచ్‌లో కూడా ఇంతే. సున్నా రేఖాంశమని నేల మీద పరిచిన గీతకు చెరోవైపు కాలు పెట్టి ఫొటోలు దిగుతున్న జనం ఫోన్ తీసి చూస్తే, జీపీఎస్ సున్నా అక్కడికి 102 మీటర్లు తూర్పున ఉంటుంది. చైనాలో ఈ జరుగుడు కావాలని చేసిందే. అక్కడ ప్రజల కోసం అచ్చయ్యే పటాలు జీసీజే-02 అనే వ్యవస్థలో, వందల మీటర్లు పక్కకు నెట్టిన అంకెలతో ఉంటాయి.

2005 జాతీయ పటాల విధానం భారత టోపో షీట్లను రెండు వరుసలుగా విడదీసింది. రక్షణ అవసరాలకు ఒకటి, డబ్ల్యూజీఎస్-84 మీద యూటీఎం ప్రక్షేపంలో జనానికి అందే ఓపెన్ సిరీస్ మరొకటి. అంతకుముందటి షీట్లు ఎవరెస్ట్ గోళాభం మీద పాలీకోనిక్ ప్రక్షేపంలో గీసినవి. పాలీకోనిక్‌లో ఏ షీటుకు ఆ షీటే విడిగా చదునవుతుంది. విడివిడిగా చక్కగా ఉంటాయి, బోలెడు షీట్లు పక్కపక్కన అతికించబోతే అంచుల దగ్గర సందులు తేలతాయి.

మూడు జోన్ల ఆంధ్రప్రదేశ్

యూటీఎం భూమిని 6 డిగ్రీల వెడల్పున 60 నిలువు జోన్లుగా, బత్తాయి తొనల్లా చీలుస్తుంది. ఒక్కో తొనను విడిగా చదును చేస్తుంది. తొన సన్నం గనక వక్రీకరణ కొద్దిగానే ఉంటుంది. 43వ జోన్ 72 నుంచి 78 డిగ్రీల దాకా, 44వది 84 దాకా, 45వది ఆ తర్వాత. ఈ గీతలకు రాష్ట్ర సరిహద్దులతో పనిలేదు. అనంతపురం, హిందూపురం, ఆదోని 43లో ఉన్నాయి. కర్నూలు నుంచి శ్రీకాకుళం దాకా 44. పలాస, ఇచ్ఛాపురం 45. ఒక్క ఆంధ్రప్రదేశ్ మూడు జోన్లలో పరుచుకుంది. తెలంగాణలో నారాయణపేట 43లో, హైదరాబాద్ 44లో పడ్డాయి. మహబూబ్‌నగర్ పట్టణం దాదాపు గీత మీదే కూర్చుంది. 43, 44 జోన్ల మధ్య ఉన్న ఆ 78వ రేఖాంశం వెంటే రెండు వందల ఏళ్ళ కిందట లాంబ్టన్ త్రికోణాలు నడవడం కాకతాళీయం.

జోన్ లోపల కూడా కొలత అంతటా ఒకటి కాదు. నడిమి గీత దగ్గర దూరాలను కావాలనే 0.9996 రెట్లకు తగ్గిస్తారు. అంచుల దగ్గరి సాగుడుతో సరితూగడానికి ఈ ఏర్పాటు. 44వ జోన్‌కు నడిమి గీత 81 డిగ్రీలు, అంటే ఏలూరు, మచిలీపట్నం దగ్గర్లో. అక్కడ నేల మీద కిలోమీటరు గీత యూటీఎం పటంలో 40 సెంటీమీటర్లు తక్కువ పలుకుతుంది. ఎకరాల్లోకి మార్చితే ఏలూరు దగ్గర 100 ఎకరాలకు 8 సెంట్లు తరుగు. హైదరాబాద్ నడిమి గీతకు 270 కిలోమీటర్ల దూరాన ఉంది గనక అక్కడ కథ తిరగబడి, కిలోమీటరుకు దాదాపు అరమీటరు పెరుగుతుంది. 100 ఎకరాలకు 4 గుంటల మిగులు. అయితే గోళాభం కన్నా ఎత్తున ఉన్న దక్కన్ నేల కాబట్టి నిజమైన కొలత కూడా రవ్వంత ఎక్కువే. ఆ ఎత్తు లెక్క కలిపితే మిగులు మూడున్నర గుంటల లోపుకు దిగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ఉపగ్రహ సంకేతాలు, డ్రోన్ల మీద నడిచింది. పాత ఎఫ్ఎంబీలు, అంటే పొలం కొలతల పుస్తకాలు, గొలుసుతో కొలిచినవి. రికార్డులో ఉన్న విస్తీర్ణానికి, కొత్త కొలతకు సెంట్ల తేడా వస్తే రైతుకు గుబులు సహజం. అందులో ప్రక్షేపానికి ఎంత వాటా ఉండగలదో లెక్క వేయడం తేలికే. నడిమి గీత దగ్గర రెండెకరాల కమతానికి యూటీఎం తరుగు సెంటులో ఆరో వంతు, ఎనిమిది చదరపు గజాల లోపు. అంతకు మించి తేడా వచ్చిందంటే కారణం ఇంకెక్కడో వెతకాలి. గొలుసు సాగి ఉండవచ్చు, గట్టు జరిగి ఉండవచ్చు, పాత లెక్కలో అంకె సర్దుబాటైనా అయి ఉండవచ్చు.

చదరపు పలకల ప్రపంచం

2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. దానితో పాటు, గోడ దిగుతాడనుకున్న మెర్కేటర్ ప్రతి జేబులోకీ చేరాడు. కారణం సబబైనదే. వీధి దాకా పెద్దది చేసి చూసినప్పుడు మూల లంబకోణం లంబకోణంగానే కనపడాలి. ప్రపంచాన్ని చదరపు పలకలుగా కోసి ఇంటర్నెట్‌లో పంపడానికి కూడా ఇది అనువు. ఆ చదరం కోసమే రెండు ధ్రువాల దగ్గర 85.05 డిగ్రీల పైన భూమిని కత్తిరించేశారు.

దీన్ని వెబ్ మెర్కేటర్ అంటారు. ఇందులో ఇంకో అడ్డదారి ఉంది. ఉబ్బిన భూమి మీద కొలిచిన అక్షాంశాలను నునుపైన గోళం సూత్రంలో పెట్టేస్తుంది. దీన్ని అసలు మెర్కేటర్‌గా పొరబడితే హైదరాబాద్ దగ్గర దాదాపు 12 కిలోమీటర్ల తేడా వస్తుంది. నిరూపక వ్యవస్థలకు నంబర్లిచ్చే ఈపీఎస్‌జీ సంస్థ మొదట దీన్ని జాబితాలో చేర్చుకోవడానికే ఒప్పుకోలేదు. ప్రోగ్రామర్లు తామే 900913 అని ఒక నంబరు పెట్టుకుని వాడేశారు. ఆ అంకెలను ఇంగ్లిష్ అక్షరాల్లా చదివితే ‘గూగుల్’ అని వస్తుంది. చివరికి అధికారిక నంబరు 3857 దక్కింది. అమెరికా సైనిక పటాల సంస్థ ఎన్‌జీఏ మాత్రం 2014లో రక్షణ పనులకు దీన్ని వాడవద్దని హెచ్చరించింది.

దారి చూసుకోవడానికి వెబ్ మెర్కేటర్‌తో పేచీ లేదు. కొలవడానికి దిగితేనే కొంప మునిగేది. నేల మీది 100 ఎకరాలు ఆ పటం మీటర్లలో కన్యాకుమారి దగ్గర దాదాపు 103, హైదరాబాద్ దగ్గర 110, శ్రీనగర్ దగ్గర 146 ఎకరాలు అవుతాయి. గూగుల్ వంటి సైట్లలోని కొలత పనిముట్లు గోళం లెక్కనే వాడతాయి గనక అక్కడ తప్పు రాదు. ఆ పలకలను వెనక పరుచుకుని, అదే వ్యవస్థలో హద్దులు గీసి, సాఫ్ట్‌వేర్‌లో వైశాల్యం మీట నొక్కే కొత్త ఉద్యోగికి వస్తుంది. అంకె మీటర్లలోనే కనపడుతుంది కాబట్టి అనుమానం రాదు. కోటి రూపాయల ప్లాను మీద పది శాతం నేల ఊరకే పెరిగిపోతుంది.

అక్షాంశం ముందా, రేఖాంశం ముందా అన్న తగువు కూడా తీరలేదు. జీపీఎస్ డిగ్రీలకు వాడే ఈపీఎస్‌జీ 4326 నిర్వచనం అక్షాంశాన్ని ముందు పెడుతుంది. జియోజేసన్ ఫైళ్ళ ప్రమాణం రేఖాంశాన్ని ముందు పెడుతుంది. చార్మినార్ స్వాల్‌బార్డ్ చేరే దారి ఇదే. అసలు నిరూపకాలే లేని చిరునామాలన్నీ సున్నా, సున్నా అయి గినియా అఖాతంలో ఒకే బిందువు మీద పోగుపడతాయి. అక్కడ నేల లేదు, వాతావరణం కొలిచే బోయ్ ఒకటి తేలుతుంటుంది. ప్రోగ్రామర్లు ఆ చోటికి ‘నల్ ఐలాండ్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

సగటులో దొర్లేది

వాతావరణ డేటా ఎక్కువగా డిగ్రీల గడుల్లో వస్తుంది. తెర మీద గడులన్నీ ఒకే సైజు. నేల మీద కాదు. డిగ్రీకి డిగ్రీ గడి భూమధ్యరేఖ దగ్గర సుమారు 12,300 చదరపు కిలోమీటర్లు, 60 డిగ్రీల దగ్గర 6,200, 80 దగ్గర 2,200 కూడా ఉండదు. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత కోసం గడుల విలువలన్నీ కూడి గడుల సంఖ్యతో భాగిస్తే, చిన్న ధ్రువ గడులకు ఉష్ణమండలంతో సమానంగా ఓటు ఇచ్చినట్టు. ధ్రువ ప్రాంతాలు చల్లన గనక సగటు కిందికి పడుతుంది. వాటిలో ఉత్తర ధ్రువ ప్రాంతం మిగతా భూమి కన్నా వేగంగా వేడెక్కుతోంది గనక పెరుగుదల లెక్క పైకి పోతుంది. ఒకే పొరపాటు రెండు వైపులా లాగుతుంది. ప్రతి గడినీ దాని అక్షాంశపు కొసైన్‌తో గుణించడం దీనికి మందు.

కదిలే నేల, కుంగిన మట్టం

నిరూపకాలు రాసి పెట్టుకున్నా నేల ఊరుకోదు. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలోని ఉపగ్రహ సంకేతాల కేంద్రం ఈ నడకను నమోదు చేసేవాటిలో ఒకటి. ఇరవై ఏళ్ళకు మీటరు. హద్దులను సెంటీమీటర్లలో కొలిచే పరికరాలు చేతికొచ్చాక మీటరంటే చిన్నది కాదు. ఆస్ట్రేలియా ఈ కారణంగానే 1994 నాటి డేటమ్‌ను వదిలి 2020 డేటమ్‌కు మారినప్పుడు దేశం మొత్తం నిరూపకాలు 1.8 మీటర్లు జరిగాయి.

ఎత్తుది మరో పేచీ. జీపీఎస్ ఇచ్చే ఎత్తు గణితపు గోళాభం నుంచి కొలిచినది, సముద్రమట్టం నుంచి కాదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తక్కువై, సముద్రమట్టం గోళాభం కన్నా 100 మీటర్లకు పైగా కుంగి ఉంది. ఆ గుంట ప్రభావం దక్షిణ భారతమంతా పాకింది. మచిలీపట్నం ఇసుకలో సర్వే రిసీవర్ పెట్టి దిద్దని ఎత్తు చదివితే మైనస్ పదుల మీటర్లు చూపుతుంది. నీళ్ళు సముద్రమట్టం మాట వింటాయి గాని గోళాభం మాట వినవు. డెల్టా కాలవకు వాలు కట్టేవాళ్ళు ఈ దిద్దుబాటు చేయకుండా అడుగు వేయలేరు.

ఏ పనికి ఏ పటం

ఇన్ని చిక్కుల్లోంచి పనివాళ్ళు తేల్చుకున్న పద్ధతి తికమకగా లేదు. జిల్లాలోపు కొలతలకు ఆ చోటి యూటీఎం జోన్ చాలు. దేశమంతటా పంటల విస్తీర్ణమో, అడవుల విస్తీర్ణమో పోల్చాలంటే విస్తీర్ణాన్ని కాపాడే ఆల్బర్స్ వంటి శంఖు ప్రక్షేపం కావాలి. లేదా ప్రక్షేపం జోలికి పోకుండా గోళాభం మీదే వైశాల్యం లెక్కగట్టాలి, ఇప్పటి సాఫ్ట్‌వేర్లకు అది ఒక్క మీట పని. జనసాంద్రతకో, రోగాల వ్యాప్తికో ప్రపంచపటం వేస్తే ఈక్వల్ ఎర్త్. ఓడ నడపాలంటే 1569 నాటి మెర్కేటరే. డెస్క్‌టాప్‌లో గూగుల్ మ్యాప్స్ కూడా 2018 నుంచి బాగా వెనక్కి జరిపితే చదును పటం వదిలి గ్లోబును చూపిస్తోంది.

తికమక పడేది ఫైలు చేతులు మారేటప్పుడు. ఆఫీసుల్లో ఎక్కువగా తిరిగే షేప్‌ఫైల్ పేరుకు ఒకటే గాని, నిజానికి ఒకే పేరున్న నాలుగైదు ఫైళ్ళ గుంపు. వాటిలో ‘పీఆర్‌జే’ అన్నది కిలోబైటు కూడా ఉండని చిన్న ముక్క. ఏ డేటమ్, ఏ ప్రక్షేపం, ఏ జోన్ అన్నది అందులోనే ఉంటుంది. అది లేకపోయినా మిగతావి తెరుచుకుంటాయి. అందుకే పెన్‌డ్రైవ్‌లో వేసేటప్పుడు మొదట మరిచిపోయేది దాన్నే.

అలాంటి అనాథ ఫైలు చేతికొస్తే చేయి తిరిగిన ఆపరేటరు ముందు అంకెలు చూస్తాడు. 78.47 అని ఉంటే డిగ్రీలు. 2 లక్షల 31 వేలు అని ఉంటే యూటీఎం. 87 లక్షల 35 వేలు అని ఉంటే వెబ్ మెర్కేటర్. డిగ్రీలే అయినా అవి ఎవరెస్ట్ భూమివో, జీపీఎస్ భూమివో అంకె చెప్పదు. రెండింటిలోనూ 78.47 లాగే కనపడుతుంది. అప్పుడు పాత షీటు మీద గుర్తుపెట్టిన గుడి గోపురాన్నో, రైలు గేటునో ఒకదాన్ని పట్టుకుని, ఉపగ్రహ చిత్రం మీద పెట్టి, ఎన్ని మీటర్లు ఎటు జరిగిందో కొలుస్తాడు.